చంపలేదు కాబట్టి వారసుడు

నాయనా, మీ అమ్మ పెద్దకర్మ రోజు విస్తళ్ల ముందు కూర్చున్న బంధువులంతా నిన్ను మెచ్చుకున్నారు. పెద్దవాడు డల్లాస్‌లో, చిన్నవాడు బెంగళూరులో స్థిరపడిపోతే ముసలితల్లిని ఇంట్లో పెట్టుకున్నది నువ్వే అన్నారు. నిజమే. కాదనడానికి ఎవరికీ నోరు రాదు. నేనూ మెచ్చుకోవడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పక్కింటి మనిషిగా కళ్లారా చూసినవే రాస్తాను. కోపంతో రాస్తున్నానని ముందే చెబుతున్నాను, కానీ ఇందులో ఒక్క మాట కూడా కల్పించింది కాదు.

ముందుగా నీ శ్రద్ధను మెచ్చుకోవాలి. దస్తావేజు రిజిస్ట్రేషన్ రోజున అది చూసి తీరవలసిందే. ఆటో దిగలేని మనిషిని రెండు చేతులా ఎత్తుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కించావు. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడకుండా నీ భార్య పక్కనే పట్టుకుని నడిచింది. ఆధార్ కార్డు, మంచినీళ్ల సీసా, బీపీ మాత్రలు, తుడవడానికి మెత్తటి తువ్వాలు, అన్నీ సంచిలో సర్దుకొచ్చావు. ఫొటో తీసేటప్పుడు ఆమె తల వాలిపోతే గడ్డం కింద చెయ్యి ఆన్చి నిలబెట్టావు. అరవై ఏళ్లు అంట్లు తోమి, కల్లాపి చల్లి, పొలంలో కలుపు తీసి అరిగిపోయిన బొటనవేలిని మెషీన్ గుర్తుపట్టలేదు. నువ్వు విసుక్కోలేదు. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించావు. అది కాకపోతే చూపుడువేలు, అదీ కాకపోతే రెండో చెయ్యి. పట్టేదాకా నిలబడ్డావు. ఆ పొద్దున్న నెయ్యి వేసిన ఇడ్లీ నీ చేత్తో తినిపించావు. నేను చూసినంతలో ఆమెకు నువ్వు తినిపించింది ఆ ఒక్క రోజే.

రైటరు చదివి వినిపించిన కాగితం కూడా మంచి కాగితమే. "నాకు నీయందు గల ప్రేమాభిమానముల చేతను, నన్ను నీవు అన్ని విధముల ఆదరించుచున్నందునను" ఇల్లు నీకు దానసెటిల్‌మెంటుగా ఇస్తున్నట్టు రాశారు. ఆ రోజు మట్టుకు అది అక్షరాలా నిజం. ఇక మీదట కూడా ఆదరించవలెనని, ఆదరించని పక్షంలో ఈ దానం చెల్లదని ఒక్క వాక్యం ఉండి ఉంటే కథ వేరేగా నడిచేది. రైటరు రాయలేదు, నువ్వు అడగలేదు, ఆమెకు అలాంటిది రాయించుకోవచ్చని తెలియదు. ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టారు. ఆస్తి బదిలీ చట్టం 1882 నుంచీ దానపత్రానికి అడిగేది అంతే: ఇచ్చేవారి సమ్మతి, పుచ్చుకునేవారి అంగీకారం, రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షులు. అన్నీ సక్రమంగా జరిపించావు. ఒకసారి ఇచ్చిన దానాన్ని మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదని కూడా ఆ చట్టమే చెబుతుంది.

ఆ తర్వాత నీ పొదుపు చూశాను. హాల్లో టీవీ ఎదుట ఉండే ఆమె మంచం వెనక వసారాలోకి వెళ్లింది. అక్కడ గాలి బాగా వస్తుందన్నావు. గాలి బాగానే వచ్చేది, జల్లు కూడా వచ్చేది. సాయంత్రం ఆరు దాటాక ఆమెకు మంచినీళ్లు ఇవ్వడం మానేశారు. తాగితే రాత్రి పక్క తడుపుతుంది, తడిపితే డైపర్ మార్చాలి, ఒక్కో డైపర్ ఖరీదెంతో నీ భార్య నాకు లెక్క చెప్పింది. మే నెలలో, వడగాడ్పుల రోజుల్లో, ఆ ముసలిప్రాణం రాత్రి తొమ్మిదింటికి ప్రహరీ అవతలి నుంచి నా పేరు పెట్టి పిలిచి గుక్కెడు నీళ్లు అడిగేది. నేను గ్లాసుతో వస్తే నువ్వు గేటు దగ్గరే ఆపి, "డాక్టరు వద్దన్నాడండీ" అని ఎంతో మర్యాదగా చెప్పావు. నువ్వు నా మీద ఎన్నడూ గొంతు పెంచలేదు. అది కూడా చెప్పాలి.

చేతికి వాపు వచ్చిందని సబ్బునీళ్లు రాసి బంగారు గాజులు నొప్పి తెలియకుండా తీశావు. వాపు తగ్గాక గాజులు తిరిగి చేతికి రాలేదు. ఊరికే పిచ్చిఫోన్లు చేస్తోందని సెల్‌ఫోన్ తీసి బీరువాలో దాచావు. నెల నెలా ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం నుంచి వచ్చిన అమ్మాయి వేలిముద్ర వేయించుకుని నాలుగు వేల రూపాయల వృద్ధాప్య పింఛను ఆమె అరచేతిలో పెట్టేది. ఆ నోట్ల మీద వేళ్లు ముడుచుకునే లోపలే ఇంకో చెయ్యి వచ్చి అందుకునేది. ఒక్క నెల కూడా తప్పలేదు. ఆ నాలుగు వేలతో ఎన్ని డైపర్లు వస్తాయో లెక్క చెప్పడం నీ భార్యకు చేతకాని పనేమీ కాదు.

ఇంత జరిగినా నువ్వు ఆమెను కొట్టలేదు. బస్టాండులోనో గుడి మెట్ల మీదో వదిలేసి రాలేదు. అలా వదిలేసినవాళ్ల కోసం తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లో సెక్షన్ 24 ఉంది: మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్ నీ దాకా రాదు, ఎందుకంటే ఆమె చివరి శ్వాస దాకా నీ కప్పు కిందే ఉంది. అన్నింటికన్నా ముఖ్యంగా, నువ్వు ఆమెను చంపలేదు. ఇది చిన్న విషయం అనుకోకు. మన వారసత్వ చట్టం కొడుకు దగ్గర కోరే అర్హత అదొక్కటే.

హిందూ వారసత్వ చట్టం, 1956లో సెక్షన్ 25 చూడు. హత్య చేసినవాడు, హత్యకు తోడ్పడినవాడు, హతుడి ఆస్తికి వారసుడు కాలేడు. మంచి సూత్రం, పాతదే. 1924లోనే లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఒక బొంబాయి ప్రాంతపు కేసులో ఆ మాట తేల్చింది. చట్టం అక్కడితో ఆగి ఉంటే కోర్టులకు కాస్త సందు మిగిలేదేమో. కానీ మరి మూడు సెక్షన్లు దాటాక 28 వచ్చి తలుపు మూసేసింది: రోగం వల్ల గానీ, అంగవైకల్యం వల్ల గానీ, ఈ చట్టంలో చెప్పినవి తప్ప మరే ఇతర కారణం చేత గానీ ఎవరినీ వారసత్వానికి అనర్హుడిగా ఎంచరాదు. ఆ సెక్షన్ పుట్టుక ఉదాత్తమైనది. పాత ధర్మశాస్త్రాలు గుడ్డివాళ్లకూ కుష్ఠురోగులకూ వాటా నిరాకరిస్తే, ఆ అన్యాయాన్ని తుడిచెయ్యడానికి పెట్టిన సెక్షన్ అది. ఆ కరుణ నీడ నీ మీద కూడా పడింది. తల్లికి మంచినీళ్లు ఇవ్వకపోవడం "మరే ఇతర కారణం" కిందికి వస్తుంది. తల్లిని కొట్టి జైలుకెళ్లొచ్చినవాడు కూడా శిక్ష అనుభవించి వచ్చి వాటా అడగొచ్చు. చంపాడా లేదా, అంతవరకే చూస్తారు.

అందుకే ఇల్లు దస్తావేజుతో నీదైపోయాక, మిగిలిన ఎకరన్నర పొలానికీ బ్యాంకు డిపాజిట్‌కీ నువ్వు పెద్దగా శ్రమ పడనక్కర్లేదు. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఉంటే దారి సగం నడిచినట్టే. ఆ దరఖాస్తులో కుటుంబసభ్యుల పేర్లు, వయసు, చనిపోయినవారితో బంధుత్వం రాయాలి. మంచం ఎక్కడ వేశారో రాసే గడి అందులో లేదు. చట్టం సెక్షన్ 15, 16 కింద తల్లి ఆస్తిలో కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా. వచ్చి వారం ఉండి తల్లి తల దువ్వి, గోళ్లు తీసి, పుండ్లు కడిగి వెళ్లిన మీ అక్కకూ నీకూ ఒక్కటే వాటా. ఆ సమానత్వం కోసం ఆడపిల్లలు ఎన్ని తరాలు పోరాడారో నాకు తెలుసు. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశం కన్నా ముందే పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది, 2005లో కేంద్రం కూతుళ్లందరికీ ఇచ్చింది. దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ కూతురినీ కొడుకునీ సమానం చేసిన చట్టం, కడిగిన చేతినీ నీళ్లు ఆపేసిన చేతినీ కూడా సమానం చేసి కూర్చోవడాన్ని నేను న్యాయం అనలేను.

ఆమె వీలునామా రాసుకోవాల్సింది కదా, నీకు ఇవ్వనని రాస్తే సరిపోయేది కదా అని నీ తరఫున వాదించేవాళ్లు ఉంటారు. నిజమే, స్వార్జితం ఎవరికి ఇవ్వాలో ఆమె ఇష్టం. అందుకు ఏం కావాలి? బయటికి కబురు పెట్టడానికి ఫోన్ కావాలి, అది బీరువాలో ఉంది. రైటరు దగ్గరికి వెళ్లడానికి కాళ్లు కావాలి, ఆమెను మోసే చేతులు నీవే. ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్లు గేటు దాటి లోపలికి రావాలి. కారణం ఉంటే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చి రిజిస్టర్ చేసే వీలు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది, కానీ ఆ దరఖాస్తు పట్టుకెళ్లేది ఎవరు? వీలునామా స్వేచ్ఛ ఉన్నవాళ్ల ఆయుధం. మంచంలో పడ్డ మనిషి స్వేచ్ఛ, ఆ మంచానికి అన్నం తెచ్చేవాడి దగ్గర తాకట్టులో ఉంటుంది. ఒత్తిడితో రాయించుకున్న వీలునామా చెల్లదని చట్టం అంటుంది. దగ్గరుండి రాయించి తానే ఎక్కువ లాభం పొందినవాడు అనుమానాన్ని తానే తొలగించాలని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చి చెప్పింది. ఆ మాటలన్నీ ఆమె పోయాక, కోర్టులో, ఏళ్ల తరబడి వాదించుకోవడానికి పనికొస్తాయి. మే నెల రాత్రి గొంతు తడపడానికి పనికిరావు.

2007 చట్టాన్ని మాత్రం నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను, ఎందుకంటే దాన్ని రాసినవాళ్లకు నీలాంటివాళ్లు తెలుసు. సెక్షన్ 23లో పెట్టారు: పోషిస్తాననే షరతు మీద ఆస్తి తీసుకుని పోషించకపోతే, ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు లెక్కగట్టి ట్రిబ్యునల్ దాన్ని రద్దు చెయ్యొచ్చు. ట్రిబ్యునల్ అంటే ఎక్కడో హైకోర్టు కాదు, ఆర్డీవో స్థాయి అధికారి. పోషణ కేసు తొంభై రోజుల్లో తేల్చాలి. అప్పీలు కలెక్టరు దగ్గరే. ఇంత దగ్గరికి న్యాయాన్ని తెచ్చిన చట్టాలు మనకు తక్కువ. కానీ ఆ "షరతు మీద" అన్న మాట దగ్గరే నీ దస్తావేజు గట్టెక్కింది. షరతు ఉన్నట్టు చూపించలేకపోతే సెక్షన్ 23 వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఒక కేసులో చెప్పింది. ప్రేమాభిమానాలతో ఇచ్చానని రాసిన తల్లి, ప్రేమనే షరతుగా రాయలేదు కాబట్టి ఓడిపోతుంది. మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్‌లో 2019లో కొడుకుకి ఇల్లు రాసిచ్చిన ఒక తల్లి కాస్త అదృష్టవంతురాలు. చివరిదాకా చూసుకుంటానని ఆ కొడుకు విడిగా ఒక కాగితం రాసిచ్చాడు. కింది అధికారులు ఆమె పక్షాన తేల్చారు, హైకోర్టు డివిజన్ బెంచి కొట్టేసింది, చివరికి 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఆమెకు ఇల్లు తిరిగి ఇప్పించింది. ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా చదవాలని, ట్రిబ్యునల్ స్వాధీనం కూడా ఇప్పించవచ్చని చెప్పింది. గొప్ప తీర్పు. అది కూడా చేతిలో ఒక కాగితం ఉన్న తల్లికే అందింది. మీ అమ్మ చేతిలో ఏ కాగితమూ లేదు.

పార్లమెంటునూ పొగడకుండా ఉండలేను. ఈ చట్టంలో పోషణ భత్యం నెలకు పది వేలకు మించకూడదన్న హద్దు ఎత్తెయ్యాలని, కోడలినీ అల్లుడినీ బాధ్యుల జాబితాలో చేర్చాలని, ఇంటికొచ్చి సేవ చేసే ఏజెన్సీలకు నియమాలు పెట్టాలని 2019 డిసెంబరులో సవరణ బిల్లు లోక్‌సభకు వచ్చింది. స్థాయీసంఘం దాన్ని పరిశీలించి నివేదిక కూడా ఇచ్చింది. ఆ తర్వాత ఎవరూ తొందరపడలేదు. 2024లో సభ రద్దయినప్పుడు బిల్లు కూడా దానితో పోయింది. అంత ఓపిక ముసలివాళ్ల దగ్గర కూడా ఉండదు, వాళ్లకు సమయం లేదు.

డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్యను మరచిపోతే అన్యాయం అవుతుంది. ఆయన నెల తప్పకుండా డబ్బు పంపాడు. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేశాడు. ఆ గంట ముందు మీ అమ్మకు స్నానం, ఉతికిన చీర, నుదుట విభూతి. మంచం హాల్లోకి వచ్చేది. కెమెరా ముఖం దాకే చూపించేది, నడుము కింద పుండ్లు చూపించేది కాదు. ఆమె ఏమైనా చెప్పబోతే "అమ్మకి మతిమరుపు ఎక్కువైందన్నయ్యా" అని నువ్వు పక్క నుంచి అందించావు. ఆయన నమ్మాడు. నమ్మడం వల్ల ఎవరి నిద్రా పాడవ్వలేదు. తల్లిదండ్రులను జీతం ఇచ్చి కేర్‌టేకర్‌కు అప్పగించి విదేశాల్లో ఉంటున్న తెలుగువాళ్లందరూ ఈ లెక్క కూడా తెలుసుకోవాలి. నిస్సహాయుడికి సేవ చేస్తానని ఒప్పుకుని చెయ్యనివాడికి 1860 నాటి శిక్షాస్మృతిలో గరిష్ఠ జరిమానా రెండు వందల రూపాయలు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 357లో దాన్ని ఐదు వేలు చేశారు. జైలు అప్పుడూ ఇప్పుడూ మూడు నెలల లోపే.

మీ అన్నయ్య ఉంటున్న దేశంలో కొన్ని రాష్ట్రాలు ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నాయి. కాలిఫోర్నియా 1998 నాటికే, అశక్తుడైన వృద్ధుణ్ణి హింసించినట్టు, నిర్లక్ష్యం చేసినట్టు, సొమ్ము కాజేసినట్టు బలమైన సాక్ష్యంతో రుజువైతే, ఆ కేసులో రాబట్టిన ఆస్తి, పరిహారం మేరకు ఆ వారసుడు వృద్ధుడి కన్నా ముందే చనిపోయినట్టు లెక్కగట్టే ఏర్పాటు చేసుకుంది. వాషింగ్టన్ రాష్ట్రం 2009లో, హంతకుడికి వారసత్వం లేదన్న తన చట్టాన్నే పొడిగించి, నిస్సహాయుల సొమ్ము కాజేసినవాళ్లనూ అందులో చేర్చింది. చైనా 1985 వారసత్వ చట్టంలోనే వృద్ధులను వదిలేసినవాళ్లు, తీవ్రంగా హింసించినవాళ్లు హక్కు కోల్పోతారని రాసింది. కన్నవాళ్లను దేవుళ్లతో సమానం చేసిన మన దేశంలో ఆ గీత హత్య దగ్గరే ఆగింది.

ఇక మా వీధివాళ్లం. మా మర్యాద కూడా పొగడదగ్గదే. వసారాలో ఏడుపు వినపడినప్పుడు టీవీ శబ్దం పెంచాం. "వాళ్లింటి గొడవ, మనకెందుకు" అనుకున్నాం. అరవై దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక హింసకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే మా వీధిలో మీ అమ్మ ఒక్కతే అయి ఉండదు. ఫిర్యాదు ఆమే వచ్చి ఇవ్వాలని మేం అనుకుంటూ ఉన్నాం. చట్టం అలా అనలేదు. ఆమె ఇవ్వలేని స్థితిలో ఉంటే, ఆమె అనుమతితో ఇంకొకరు ఇవ్వొచ్చు. ఆమె నోరు విప్పలేకపోతే ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టవచ్చని సెక్షన్ 5 చెబుతోంది. ఆర్డీవో ఆఫీసు మా వీధికి బస్సులో అరగంట.

నాయనా, నీ మీద ఏ కేసూ పడదు. ఇల్లు నీదే, పొలంలో వాటా నీదే, ఊళ్లో మంచి పేరు నీదే. నువ్వు చట్టాన్ని ఎక్కడా దాటలేదు. అందుకే నేను అడగాల్సింది నిన్ను కాదు, చట్టాలు చేసేవాళ్లను.

హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 25లో హత్య పక్కన మరో వాక్యం చేర్చాలి: తన సంరక్షణలో ఉన్న వృద్ధుణ్ణి హింసించినట్టు, ఆకలిదప్పులకు వదిలేసినట్టు విచారణలో రుజువైనవాడు ఆ వృద్ధుడి ఆస్తికి వారసుడు కాడు. రేపు తప్పుడు ఫిర్యాదులు వస్తాయన్న భయం ఉంటే రుజువు కఠినంగా పెట్టండి, కానీ తలుపు మాత్రం తెరవండి. అరవై దాటినవాళ్లు దానపత్రం రాసేటప్పుడు పోషణ షరతు తప్పనిసరిగా దస్తావేజులో ఉండేలా రెండు తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖలు ఏర్పాటు చెయ్యాలి. సబ్ రిజిస్ట్రారు ఆ వృద్ధులతో పిల్లలు పక్కన లేకుండా రెండు నిమిషాలు మాట్లాడాలి.

ఇది చదువుతున్నవాళ్లకు ఒక్క మాట. మీ ఇంట్లో అమ్మో నాన్నో ఇల్లు రాసివ్వబోతుంటే, రాసేది మీకే అయినా సరే, "జీవితాంతం పోషించవలెను, పోషించనిచో ఈ దానము చెల్లదు" అని దస్తావేజులో రాయించండి. వాళ్లు బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు వాళ్లకే అట్టేపెట్టించండి. పక్కింటి వసారాలోంచి పిలుపు వినపడితే 14567కి ఫోన్ చెయ్యండి. అది వృద్ధుల కోసం దేశమంతా పనిచేసే ఉచిత హెల్ప్‌లైన్.